గుండె జబ్బు, ఒంటి బలహీనత

గుండె వైఫల్యానికి మందులు వాడుతున్న పెద్దాయన చేతులు ఆనించనిదే కుర్చీలోంచి లేవలేకపోతున్నారా? సీసా మూత తిప్పలేకపోతున్నారా? వయసు మీద పడిందిలే అని సరిపెట్టుకోకండి. ఈ బలహీనతకు 2001లో అమెరికా వైద్యురాలు లిండా ఫ్రైడ్ బృందం అయిదు గుర్తులు చెప్పింది: కారణం లేకుండా బరువు తగ్గడం, అలసట, పిడికిలి పట్టు సడలడం, నడక మందగించడం, కదలిక తగ్గడం. మూడు కనిపిస్తే బలహీనత ముదిరినట్టే. రక్తహీనత, షుగర్, కిడ్నీ జబ్బు, దిగులు, మాటిమాటికీ ఆసుపత్రిలో చేరడం దీన్ని పెంచుతాయి. పథ్యం పేరుతో కండకు బలమిచ్చే పప్పు, గుడ్డు మాన్పించేవాళ్లూ ఉన్నారు. డాక్టరు వద్దననిదే ఆ పని చేయకండి. తగ్గించాల్సింది ఉప్పు, అంటే మన పచ్చళ్లు, అప్పడాలు! వరంగల్‌లోని భద్రకాళి చెరువు గట్టుమీద ఎంతసేపు నడవొచ్చో కూడా డాక్టరునే అడగండి. ఈసారి ఎంజీఎం ఆసుపత్రికి వెళ్తే, మందుల చీటీతోపాటు ఆయన నడక ఎలా ఉందో తప్పక చెప్పండి.