దవాఖానా వాకిట బండి రుసుము

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయపు పండుగనాడు కావ్యమును గూర్చియో, పురాణమును గూర్చియో ఉపన్యాసము జరుగుట ఆచారము. ఈనాటి విషయము అంతటి ఘనమైనది కాదు. అది బండి నిలుపుకొన్నందుకు ఇచ్చెడి చిన్న చీటీకి సంబంధించినది. అయినను ఆ చీటీ మనుష్యుని చేతికి ఏ వేళ వచ్చునో తలంచినచో, విషయము చిన్నది కాదని తోచకమానదు.

నల్లగొండకును, మహబూబునగరమునకును హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్ల దూరమున నున్నది. 2005 ఆగస్టు 15న ప్రారంభమైన 108 వాహన సేవ ఎందరి ప్రాణములనో నిలిపినది. మహబూబునగరమున 2016లోను, నల్లగొండలో 2019లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు వెలసినవి. అయినను గండము ముంచుకొని వచ్చినప్పుడు, పల్లెవాడు చేతికందిన బండిలో రోగిని వేసికొని పరుగెత్తుట నేటికిని తప్పలేదు.

దేవరకొండ ప్రాంతపు రైతు ఒకడు పాము కరచిన కొడుకును పొరుగువాని కారులో నర్ధరాత్రి నగరపు దవాఖానాకు గొనిపోయినాడని అనుకొందురు గాక. వాకిట కావలివాడు చీటీ ఇచ్చినాడు. రైతు దానిని చదువలేదు, చదువు వేళయు కాదది. తెల్లవారిన పిమ్మట, కొడుకు గండము గడచినదను మాట విని బయటికి వచ్చి చూడగా, కారు చక్రమునకు ఇనుప బిగింపు వేయబడి యున్నది. గడువు మీరినది, చీటీ పోయినది, కావున ఐదు వందలు జరిమానా కట్టుమని గుత్తదారుని మనిషి యడిగినాడు. రైతు వద్ద మందులకు మిగిలినది ఆరు వందలే. అతడు ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు జవాబు తెలిసి యుండుట ప్రతి యింటికిని అవసరము.

మొదట నొక సంగతిని న్యాయముగా నొప్పుకొనవలెను. బండి నిలుపుటకు రుసుము తీసికొనుట యెల్లవేళల నన్యాయము కాదు. స్థలము, కావలి, దీపము, జీతములు అన్నియు ఖర్చుతో కూడినవి. రుసుము లేనిచో దవాఖానాతో పని లేనివారి బండ్లతో వాకిలి నిండి, రోగిని దింపుటకు చోటు దొరకదు. కావున తగవు రుసుముతో కాదు. చెప్పని రుసుముతోను, మితిమీరిన రుసుముతోను, రుసుము పేరిట విధించు దండనతోను తగవు.

రుసుము వేరు, జరిమానా వేరు. జరిమానా విధించు నధికారము చట్టము నిచ్చినవారికే కలదు. పోలీసువారి చలానాకు వెనుక మోటారు వాహనముల చట్టము నిలిచి యున్నది. గుత్తదారునకు అట్టి చట్టము లేదు. అతనికిని బండివానికిని నడుమ నున్నది ఒప్పందము మాత్రమే. ఒప్పందము తప్పినవానినుండి ఎంత రాబట్టవచ్చునో 1872 నాటి భారత ఒప్పందముల చట్టమునందు 74వ సెక్షను చెప్పుచున్నది. ముందుగా వ్రాసికొన్న మొత్తమునకు మించకుండ, సముచితమైన నష్టపరిహారము మాత్రమే యిప్పింపదగినదని దాని సారాంశము. రెండు గంటలు ఎక్కువ నిలిచిన కారు వలన గుత్తదారునకు ఐదు వందల నష్టము కలిగినదా యని యడుగు హక్కు రైతునకు కలదు. పైగా, చదువుటకు వీలుగా రేట్ల పలక లేనిచోట ఒప్పందము కుదిరినదనుటయే కష్టము.

ఇంగ్లండు దేశమున ఈ తగవు అత్యున్నత న్యాయస్థానము వరకు పోయినది. చెమ్స్‌ఫర్డు పట్టణమున అంగళ్ల ముందటి స్థలములో రెండు గంటల గడువు దాటి బండి నుంచిన యొకనిపై 85 పౌండ్లు విధింపగా, 2015 నవంబరులో న్యాయమూర్తులు ఆ మొత్తమును సమర్థించిరి. పలకలు పెద్దవిగాను, స్పష్టముగాను ఉండుట వారు ముఖ్యముగా గమనించిన విషయములలో నొకటి. అక్కడ స్థిరపడిన తెలుగువారికి ఇట్టి చీటీలు కొత్తవి కావు. అయితే అక్కడ చీటీపై విన్నపము చేసికొనుటకు వేరు యేర్పాటు కలదు. స్కాట్లండు ప్రభుత్వ దవాఖానాలలో 2021 నాటికి బండి రుసుము పూర్తిగా తొలగింపబడినది. రోగి బంధువు ఉల్లాసమునకై వచ్చినవాడు కాడను మాటను ఆ దేశమువారు గుర్తించిరి.

తెలంగాణ ప్రభుత్వమును ఈ విషయమున నూరకుండలేదు. పురపాలక శాఖవారు 2018 మార్చి 20న 63వ నంబరు ఉత్తర్వును వెలువరించిరి. వాణిజ్య సంస్థలు, మాల్‌లు, అనేక తెరల సినిమా భవనములు అందలి విషయము. మొదటి ముప్పది నిమిషములకు ఎవరియొద్దను రుసుము తీసికొనరాదు. ముప్పది నిమిషములు దాటి గంటలోపు అయినచో, అక్కడ ఏదైనను కొన్న బిల్లు చూపినవానికి రుసుము లేదు. గంట మించినచో, బిల్లు రుసుముకంటె ఎక్కువ మొత్తమునకు ఉన్నప్పుడు రుసుము లేదు. 2021లో ఒంటి తెర సినిమా హాళ్లకు వసూలు చేసికొనుటకు అనుమతి కలిగినది. దవాఖానా పేరు ఈ ఉత్తర్వులో ముఖ్యముగా చెప్పబడలేదు. వైద్యము వాణిజ్యము కాదని యజమాని వాదింపవచ్చును. వేల రూపాయల బిల్లు తీసికొను సంస్థ వాణిజ్య సంస్థ యెట్లు కాదని రోగి బంధువు వాదింపవచ్చును. కనుక ఆ దవాఖానాకు ఉత్తర్వు వర్తించునా యని ఆ పట్టణపు పురపాలక సంఘమును కాగితముపై నడిగి, కాగితముపైననే జవాబు పొందుట మేలు.

ఇక రైతు చేయవలసినది చూడవలెను.

మొదటిది, వాకిట తగవు పెట్టుకొనరాదు. ప్రాణము ముందు, పైకము వెనుక. దెబ్బతిన్నవాని ప్రాణమును కాపాడుట ప్రభుత్వ వైద్యునకును, ప్రైవేటు వైద్యునకును సమానమైన విధియని 1989 ఆగస్టు 28న పరమానంద కటారా వ్యాజ్యములో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. చీటీ తగవు పేరిట రోగి బండిని వాకిట నాపుట ఆ తీర్పు నడుగు భావమునకే విరుద్ధము. అట్లు ఆపినచో లోపలి వైద్యాధికారిని కేకవేయవలెనే గాని, కావలివానిపై చేయి చేసికొనరాదు. అతడు రోజుకూలికి నిలిచినవాడు. రేటు నిర్ణయించినవాడు అతడు కాడు.

రెండవది, తప్పనిసరి యైనచో పైకము కట్టవలెను, రసీదు తీసికొనవలెను. రసీదు వెనుక “అభ్యంతరముతో చెల్లించితిని” అని వ్రాసి సంతకము చేసి, తేదీ వేయవలెను. కట్టినంత మాత్రమున హక్కు పోదు. రేట్ల పలకను, పలక లేని గోడను, చక్రపు బిగింపును చరవాణితో ఫొటో తీసికొనవలెను. రోగి ప్రవేశపు చీటీపై వ్రాయబడిన గంట నిమిషములు అన్నిటికంటె గట్టి సాక్ష్యము. ఆ వేళ బండివాడు ఎచ్చట నుండెనో, ఏల నుండెనో ఆ కాగితమే చెప్పును.

మూడవది, ఇంటికి వచ్చిన వారము లోపల దవాఖానా పర్యవేక్షకునకు ఒక లేఖ వ్రాయవలెను. అందు తిట్లు, నిట్టూర్పులు వలదు. తేదీ, వేళ, బండి నంబరు, కట్టిన మొత్తము, రోగి స్థితి, తిరిగి యిమ్మను కోరిక, పదునైదు దినముల గడువు, ఇంతియే చాలును. రిజిస్టరు తపాలాలో పంపి, రసీదు దాచవలెను. పెక్కు తగవులు ఇచ్చటనే తీరును. గుత్తదారు చేయుచున్న పని యజమానికి తెలియకపోవుటయు కలదు.

దవాఖానా ప్రభుత్వమువారిదైనచో మరియొక సాధనము కలదు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము పది రూపాయల రుసుముతో అర్జీ పెట్టి, బండ్ల గుత్త ఒడంబడిక నకలును, అందలి రేట్లను అడుగవచ్చును. ముప్పది దినములలో జవాబు రావలెను. ఒడంబడికలో పది రూపాయలని యుండి వాకిట ఇరువది వసూలగుచున్నచో, ఇక వాదింపవలసిన పని లేదు. ఆ కాగితమే వాదించును.

నాలుగవది, లేఖకు ఫలము లేనిచో వినియోగదారుల కమిషను. 2020 జూలై 20 నుండి అమలునకు వచ్చిన 2019 నాటి చట్టమునందు పల్లెవానికి మిక్కిలి ఉపయోగపడు మార్పు కలదు. తగవు హైదరాబాదులో జరిగినను, ఫిర్యాదు చేయువాడు తాను నివసించు జిల్లాలోని కమిషను నాశ్రయింపవచ్చును. నల్లగొండవాడు నల్లగొండలో, పాలమూరువాడు పాలమూరులో అడుగవచ్చునన్నమాట. చెల్లించిన మొత్తము ఐదు లక్షలు మించనిచో ఫిర్యాదునకు రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట విధి కాదు. రెండు సంవత్సరముల లోపల రావలెను. అంతకు ముందు సలహా కావలసినచో 1915 అను జాతీయ సహాయ నంబరునకు ఫోను చేయవచ్చును. అందరికిని ఉచితముగా వైద్యము చేయు దవాఖానా చికిత్స ఈ చట్టమునకు లోబడదని 1995లో సుప్రీంకోర్టు చెప్పినది. కాని బండికై వేరుగా పైకము పుచ్చుకొన్న గుత్తదారుడు తన సేవ ఉచితమని చెప్పుకొనజాలడు.

పైకము పుచ్చుకొన్నవానికి బాధ్యతయు నుండును. ఢిల్లీలోని యొక హోటలులో 1998లో అప్పగింపబడిన కారు దొంగిలింపబడినది. చీటీపై “యజమాని పూచీపై” అని అచ్చువేసినందున తమకు సంబంధము లేదని హోటలువారు వాదించిరి. తాళపుచెవి పుచ్చుకొని బండిని తన వశము చేసికొన్నవాడు, తన అజాగ్రత్తను ఆ అచ్చు అక్షరముల చాటున దాచుకొనజాలడని 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు నిర్ణయించినది. చీటీపై నచ్చయినదెల్ల చట్టము కాదు.

ఐదు వందలకై ఇన్ని కాగితములా, కూలి పోదా యని కొందరడుగుదురు. ఆ ప్రశ్న న్యాయమైనదే. ఒక్కనికి అది నష్టమే కావచ్చును. అయితే ప్రతిదినము అదే వాకిట వందలమంది దిగుచున్నారు. ఒక్కొక్కరు ఒక్కొక్క చిన్న మొత్తమును దిగమ్రింగుట చేతనే గుత్త లాభసాటి యగుచున్నది. ఒక్క లేఖ ఆ వాకిట రేట్ల పలక కట్టించినచో, దాని ఫలము ముఖమెరుగని ఎందరికో చెందును. తీరిక లేనివాడు లేఖయైన వ్రాయవలెను. తీరిక కలవాడు కమిషను వరకు పోవలెను.

ఈ సంగతికిని గ్రంథాలయమునకును సంబంధమేమన్నచో, ఈ సీమ చరిత్రయే జవాబు. నిజాము పాలనలో వెట్టి కూడదను ఆజ్ఞలు వెలువడియుండెను. పల్లెలలో వెట్టి మాత్రము సాగుచునే యుండెను. ఆజ్ఞ కచ్చేరీలో నుండుటయు, ప్రజ దానిని చదువకుండుటయు అందుకు ఒక కారణము. 1921లో వెలసిన ఆంధ్ర జనసంఘమువారు, మాడపాటి హనుమంతరావు పంతులుగారి పూనికతో, ఆ ఆజ్ఞలను తెనుగున చిన్న పొత్తములుగా నచ్చువేయించి గ్రామములకు పంచిరి. నల్లగొండనుండి షబ్నవీసు వెంకట రామనరసింహారావుగారు నీలగిరి పత్రికను, హైదరాబాదునుండి పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డిగారు 1926 నుండి గోలకొండ పత్రికను నడపి అదే పని చేసిరి. చదివినవాడు వెట్టి అమీనునకు ఆజ్ఞను చూపగలిగెను. చదువనివాడు మూట మోసెను.

నేటి వాకిటి చీటీ నాటి వెట్టి కాదు. రెండింటిని సమానము చేయుట అతిశయోక్తి యగును. కాని తెలియని హక్కు లేని హక్కుతో సమానమను మాట రెండింటికిని వర్తించును. కావున ఈ రజతోత్సవ సంవత్సరమున గ్రంథాలయమువారు పత్రికల బల్లపై నొక దస్త్రము నుంచుట మంచిది. అందు 63వ నంబరు ఉత్తర్వు నకలు, సమాచార హక్కు అర్జీ నమూనా, పర్యవేక్షకునకు వ్రాయవలసిన లేఖ నమూనా, జిల్లా కమిషను చిరునామా ఉండవలెను. అక్షరము రానివానికి చదివి వినిపించి, అర్జీ వ్రాసి పెట్టుటకు వారమున కొక సాయంకాలము ఇద్దరు యువకులు కూర్చుండవలెను.

అప్పుడు కొడుకును బ్రదికించుకొని వచ్చిన రైతు, మరునాడు తన రసీదును తీసికొని రావలసిన చోటు ఏదో ఊరిలో చిన్నవానికి గూడ తెలిసియుండును.