అడుగున నిలిచే స్వరము
(రేడియో ప్రసంగ పాఠము)

పాత కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలు 2016లో పంచబడి అనేక జిల్లాలైనవి. అయినను గోదావరికి ఇటూ అటూ ఉన్న మన సంఘాల పాట ఒక్కటే, మన సమస్యలూ ఒక్కటే. అందులో ఒక సమస్యను గూర్చి ఈ దినము మాట్లాడుకుందాము.

చాలా సంఘాలలో ఆదివారం ఆరాధన ముగిసిన తరువాత ఒక మాట వినబడుతుంది. "ఆ గిటారు గుబగుబలో పాట మాటలు ఒక్కటీ అర్థం కాలేదు" అని పెద్దలు అంటారు. "మేము ఏమి వాయించినా తప్పే" అని యౌవనస్థులు అంటారు. కొన్నాళ్లకు ఆ బాస్ గిటారు గోడకు చేరుతుంది. దానిని వాయించే పిల్లవాడు వెనుక బల్లకు, ఆ తరువాత గుమ్మం బయటకు చేరుతాడు. వాద్యం పోతే మరొకటి కొనుక్కోవచ్చును. పిల్లవాడు పోతే ఎక్కడ కొంటాము?

ముందుగా ఈ వాద్యము ఏమిటో చూద్దాము. మామూలు గిటారుకు ఆరు తీగెలు, బాస్ గిటారుకు సాధారణంగా నాలుగు. అన్నిటికన్న లావైన తీగె సెకనుకు సుమారు 41 సార్లు కంపిస్తుంది, తరువాతివి 55, 73, 98 సార్లు. పూర్వము ఈ పని చేసినది మనిషంత ఎత్తుండే డబుల్ బాస్. దానిని మోసుకొని తిరగడము కష్టము, డోళ్ల మధ్య అది వినబడడమూ కష్టమే. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో లియో ఫెండర్ అనే ఆయన ప్రెసిషన్ బాస్‌ను తయారు చేశాడు. దాని మెడ మీద మెట్లు అమర్చాడు గనుక స్వరము ఖచ్చితముగా పలికేది, ఆ పేరు అందుకే వచ్చినది. గమనించండి, ఈ ఫెండర్ గిటారు వాయించడము నేర్చినవాడు కాడు. ఆయన రేడియోలు బాగుచేసే దుకాణం నడిపినవాడు. తాను వాయించలేని వాద్యమును ఇతరుల కొరకు చేసి పెట్టాడు.

ఇప్పుడు మీరు వింటున్న చిన్న రేడియోలో గాని, చేతిలోని ఫోనులో గాని ఆ 41 కంపనాల స్వరము పలుకదు. అంత చిన్న స్పీకరుకు ఆ శక్తి లేదు. అయినా పాటలో బాస్ ఉన్నదని మీకు తెలుస్తూనే ఉంటుంది. ఎట్లు? ఆ తీగె 41తో పాటు 82, 123, 164 కంపనాల స్వరాలను కూడా పలికిస్తుంది. చిన్న స్పీకరు పై స్వరాలను మాత్రమే మనకు అందిస్తుంది. వాటిని విని మన మెదడు అడుగున ఉన్న స్వరమును తానే గ్రహించుకొంటుంది. కనుక వినబడనంత మాత్రాన లేదని కాదు.

దావీదు మందసమును తీసికొని వచ్చిన దినమును జ్ఞాపకము చేసికొనండి. మొదటి దినవృత్తాంతములు 15వ అధ్యాయములో వాద్యకారుల పేర్లు వరుసగా ఉన్నవి. 21వ వచనములో షెమినీతు అను స్థాయిలో తంతివాద్యములు వాయించిన ఆరుగురి పేర్లు కనబడతాయి. షెమినీతు అంటే ఎనిమిదవది. 6వ, 12వ కీర్తనల శీర్షికలలోను ఈ మాట ఉన్నది. ఇది క్రింది స్థాయి స్వరమని అనేకమంది పండితుల అభిప్రాయము. ఆ ఆరుగురిలో ఓబేదెదోము ఒకడు. అదే అధ్యాయములో 18వ వచనము చూడండి, ఓబేదెదోము పేరు ద్వారపాలకులలో ఉన్నది. తలుపు దగ్గర నిలిచేవారి వరుసలోను, క్రింది స్వరము వాయించేవారి వరుసలోను ఒకే పేరు! రెండు పనులలోను మనిషి ముందుకు కనబడడు. అయినా ఆ పేరును వ్రాసి ఉంచవలెనని గ్రంథకర్తకు తోచినది.

లోకము అట్లు వ్రాసి ఉంచదు. అమెరికాలో డెట్రాయిట్ నగరపు మోటౌన్ సంస్థ పాటలు 1960లలో ప్రపంచమంతా మోగినవి. వాటిలో ఎన్నో పాటలకు బాస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. కుడిచేతి చూపుడు వ్రేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగె తెగితే తప్ప మార్చేవాడు కాడని ప్రసిద్ధి. ఆ రికార్డుల అట్టల మీద ఏండ్ల తరబడి అతని పేరు లేదు. 1971లో మార్విన్ గే ఆల్బమ్ మీద వాద్యకారుల పేర్లతో పాటు అతని పేరును అచ్చువేశారు. అతడు 1983లో మరణించాడు. ప్రసిద్ధ సంగీతకారుల గౌరవ సభలో అతనికి స్థానము దొరికినది 2000లో. అప్పటికి ఆ మాట వినడానికి అతడు లేడు.

మన దగ్గర మాత్రము ఏమి జరిగినది? ఇళయరాజా పాటలలో బాస్ నడకను మెచ్చుకోని తెలుగువారు తక్కువ. అది వాయించిన శశిధరన్ పేరు ఎంతమందికి తెలుసు? ఏ.ఆర్. రెహమాన్ పాటలకు వాయించిన కీత్ పీటర్స్ పేరు ఎంతమందికి తెలుసు? ఇక మన సంఘములో ప్రతి ఆదివారం నిలబడే ఆ తమ్ముని పేరు మన ప్రార్థనలో ఎన్నిసార్లు వచ్చినది?

ఇప్పుడు పెద్దల ఫిర్యాదును గౌరవముగా విందాము. వయసు పైబడిన కొద్దీ మన చెవి ముందుగా పోగొట్టుకొనేది పై స్థాయి శబ్దాలను. స, త, క, ష వంటి హల్లుల స్పష్టత ఆ పై శబ్దాలలోనే ఉన్నది. క్రింది శబ్దాలు మాత్రము చాలాకాలము బాగానే వినబడతాయి. అంతేకాదు, క్రింది శబ్దము పెద్దదైతే పై శబ్దమును కప్పివేస్తుంది. కనుక డెబ్బై ఏండ్ల తాతగారు "మాటలు వినబడడం లేదు" అంటే అది సంగీతము మీద ద్వేషము కాదు. మీకు వినబడే పాట ఆయనకు నిజముగానే వినబడడం లేదు. తమ్ముడా, ఆయన మాటను గొణుగుడు అనుకోవద్దు.

మరి ఏమి చేయవలెను? ఆంప్లిఫయరును గది మూలలో నేలమీద పెట్టవద్దు. మూల, నేల రెండూ క్రింది శబ్దమును పెంచుతాయి. దానిని స్టూలు మీదికి ఎత్తి, గోడకు దూరముగా జరపండి. బాస్ అని వ్రాసి ఉన్న గుండీని కొంచెము తగ్గించి, మధ్య స్థాయి గుండీని కొంచెము పెంచండి. అప్పుడు గోడలు అదరవు, స్వరము మాత్రము తెలుస్తుంది. 41 కంపనాల శబ్దతరంగము పొడవు 8 మీటర్లకు పైన. మన చిన్న ప్రార్థనా మందిరాలలో అది గోడల మధ్య తిరిగి తిరిగి ఒకచోట ఎక్కువగా, ఒకచోట తక్కువగా వినబడుతుంది. అందుచేత ఆరాధనకు ముందు ఒకరు వాయిస్తూ ఉండగా మరొకరు పెద్దలు కూర్చుండే చోటికి వెళ్లి వినవలెను. వేదిక మీద నిలబడి తీర్పు చెప్పవద్దు.

మరొక సంగతి ప్రాణమునకు సంబంధించినది. రామగుండంలో కరెంటు తయారవుతున్నది, మన దేశములో ఆ కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలు తిరుగుతుంది. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర వినబడే గుంయిమనే శబ్దము దానికి రెట్టింపు, అంటే 100. బాస్ గిటారు సన్నని తీగె 98. ఆ రెండూ దాదాపు ఒకే స్వరము! ఆంప్లిఫయరులో నుండి ఎడతెగక అటువంటి గుంయి వస్తూ ఉంటే, ఎర్తింగు సరిగా లేకపోవడము ఒక కారణము కావచ్చును. మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగగొట్టి పెట్టే అలవాటు మన ఊళ్లలో ఉన్నది. చేతిలో తీగెలు, పెదవుల దగ్గర మైకు, రెండింటి మధ్య కరెంటు ప్రవహిస్తే ప్రాణాపాయము. సంఘ పెద్దలారా, తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తింగు చూపించండి. ఆ పిల్లవాని నిమిత్తము మీరు చేయదగిన మొదటి ఉపకారము ఇదే.

ఇక వాయించేవారికి కొన్ని మాటలు. ఎడమచేతి వ్రేలు మెట్టు మీద కాదు, మెట్టుకు ఆనుకొని వెనుక నొక్కవలెను. కుడిచేతి చూపుడు వ్రేలు, మధ్య వ్రేలు ఒకదాని తరువాత ఒకటి నడవవలెను. మీటని తీగెలను చేతులతో ఆపి ఉంచండి, లేనియెడల అవి తమంతట తామే మూలుగుతాయి. స్వరమును ఎప్పుడు ఆపవలెనో తెలియడము సగము విద్య.

మన కీర్తనలు రాగాల మీద నడిచేవి. ఉదాహరణకు మధ్యమావతిలో గాంధారము, ధైవతము లేవు. సినిమా పాటకు వాయించినట్లు గాంధారమును చొప్పిస్తే పెద్దల ముఖాలు ముడుచుకొంటాయి. వారికి కారణము చెప్పరాకపోవచ్చు, చెవికి తెలుసు. అట్టి కీర్తనకు షడ్జము, పంచమము పట్టుకొని నిలబడితే చాలును. మన పాత భజనలలో తంబుర చేసినది ఆ పనియే. తంబుర వాయించిన తాతగారికి, బాస్ పట్టిన మనుమనికి మధ్య దూరము మనము అనుకొన్నంత లేదు.

గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి వైపు బొగ్గుబావులలో దిగిన సహోదరులకు ఒకటి తెలుసు. పని మొదలుపెట్టక ముందు కప్పును ఇనుప కడ్డీతో తట్టి వింటారు. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్లు, డొల్లగా పలికితే కప్పు వదులైనట్లు. ముందు వినడము, తరువాత పని. బాస్ వాయించేవాడు కూడా అట్లే ఉండవలెను. సంఘము ఏ శ్రుతిలో ఎత్తుకొన్నది, ఎక్కడ నెమ్మదించినది, ఎవరి గొంతు అలిసినది, ముందు వినవలెను.

ఇక్కడ పెద్దలకు ఒక మనవి. నేడు కీబోర్డులో ఒక మీట నొక్కితే డోలు, బాస్ రెండూ వస్తాయి. అది తప్పు చేయదు, అలగదు, టీ అడగదు. కాని అది వినదు. భర్తను పోగొట్టుకొన్న సహోదరి సాక్ష్యము చెప్పి పాట ఎత్తుకొన్నప్పుడు, ఆమె గొంతు పూడుకొని ఒక్క క్షణము ఆగితే, ఆ యంత్రము ఆగక ముందుకు వెళ్లిపోతుంది. కొద్దిగా నేర్చిన పిల్లవాడైనా ఆమె కొరకు ఆగుతాడు. ఆ ఆగడము ఏ మీటలోను లేదు.

పిల్లవాడు అన్నాను గాని, ఆడపిల్లలను విడిచిపెట్టవద్దు. అమెరికాలో కేరల్ కే అనే స్త్రీ 1960లలో వందలాది రికార్డులకు బాస్ వాయించినది. మన దేశములో మోహినీ దే ఈనాడు పేరు పొందిన బాస్ వాద్యకారిణి. మీ ఇంటి అమ్మాయి ఆ తీగె ముట్టుకొంటే ఆశ్చర్యపడవద్దు.

ప్రియులారా, పౌలు కొరింథీ సంఘమునకు శరీరమును గూర్చి, అవయవములను గూర్చి వ్రాసిన సంగతి మీకు తెలుసు. ఈ వారము ఒక పని చేయండి. పెద్దలారా, ఆ బాస్ వాయించే బిడ్డను పేరు పెట్టి పిలిచి, "వచ్చే ఆదివారానికి ఏ కీర్తన సాధన చేస్తున్నావు నాయనా?" అని అడగండి. తమ్ముడా, నీవు ఆ తాతగారి దగ్గరికి వెళ్లి, "నేను వాయించేటప్పుడు మాటలు మీకు వినబడుతున్నవా తాతయ్యా?" అని అడుగు. ఆయన లేదంటే వాదించవద్దు, గుండీ తగ్గించు. ఈ రెండు ప్రశ్నలు అడిగిన సంఘములో గిటారు గోడకు చేరదు, బిడ్డ గుమ్మం దాటడు.

అట్టి కృప ప్రభువు మన సంఘములన్నిటికి అనుగ్రహించును గాక. ఆమేన్.