కొట్టే పిల్లవాని కడుపులో భయం
(వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



చేనేత సంఘం కార్యదర్శిని గనుక నూలు ధర గురించో, రావలసిన రిబేటు బాకీల గురించో మాట్లాడుతానని మీరు అనుకొని ఉంటారు. ప్రతి ఏడూ అదే చెప్తున్న, వినీ వినీ మీకూ విసుగొచ్చింది. ఈసారి ఇంటి సంగతి చెప్తాను. నేను ఎనిమిదో తరగతి వరకే చదివినవాణ్ణి, డాక్టరును కాను. తప్పుంటే మన్నించండి.

మాది షోలాపూర్. మా పెద్దలు తెలంగాణ నుంచి నేత పని వెతుక్కుంటూ వచ్చినవారు. ఇంట్లో తెలుగు, గల్లీలో మరాఠీ, కార్ఖానాలో హిందీ. మా కొడుకు టవళ్ల కార్ఖానాలో సాంచెల మీద పని చేస్తడు. కోడలు ఇంట్లో బీడీలు చేస్తది. వాళ్ల పిల్లవాడు మూడో తరగతి దాకా మరాఠీ బడిలో చదివిండు. బాగనే చదివిండు. మనవాడు మనలెక్క కావద్దని అప్పు చేసి నాలుగో తరగతిలో ఇంగ్లీషు మీడియంలో వేసినం.

రెండు నెలలకు బడి నుంచి ఫోను. పక్క పిల్లవాణ్ణి కంపాసు పెట్టెతో కొట్టిండట. పది రోజులకు మళ్లీ ఫోను. మూడోసారి కొడుకు డ్యూటీలో ఉన్నడని నేనే పోయిన. పదిమంది తల్లిదండ్రుల ముందర "మీ పిల్లవాడు గూండా అయ్యేటట్టున్నడు" అన్నరు. ఆ సిగ్గుతో ఇంటికి తెచ్చి కట్టె తీసుకొని కొట్టిన. దాచేది ఏమున్నది? కొట్టిన. వాడు ఏడవలేదు. గోడ మూలకు నిలబడి నా చేతి దిక్కే చూసిండు. ఆ రాత్రి పక్క తడిపిండు, తొమ్మిదేండ్ల పిల్లవాడు.

పొద్దున మా ఇంటామె అన్నది: "వీడు రౌడీ కాదు, భయపడ్డడు. పొద్దుపొద్దున్నే కడుపునొప్పి అంటడు, ఆదివారం మాత్రం అనడు. ఏదో ఉన్నది, చూడు." నేను ఏండ్ల తరబడి సంఘం లెక్కలు చూస్తున్న, ఈ లెక్క మాత్రం నాకు కనబడలేదు.

సర్కారీ దవాఖానలో మనసు జబ్బుల విభాగానికి తీసుకపోయినం. "పిచ్చి డాక్టరు దగ్గరికా?" అని గల్లీలో అనేవాళ్లు అన్నరు. అక్కడ కూర్చున్న కౌన్సెలరు మేడం ముందుగాల మందు ఏమీ రాయలేదు. ఒకటే ప్రశ్న అడిగింది: "కొట్టడానికి ముందు ఏం జరిగింది?" మాకు తెల్వదు. కొట్టినంక ఏం జరిగిందో ఎవరినడిగినా చెప్తరు, ముందు ఏమైందో ఒక్కరికీ తెల్వదు.

ఆమె చెప్పింది నాకు అర్థమైన కాడికి చెప్తాను. ఆపద వచ్చిందనుకుంటే మన ఒళ్లు తనంతట తానే తయారైతది. గుండె దడదడ కొట్టుకుంటది, చేతులకు చెమట పడతది, ఊపిరి పైపైనే ఆడతది. పారిపోవాలె, లేకుంటే తిరగబడాలె. కుక్క ఎదురైతే ఇది మంచిదే. కాని తరగతి గదిలో పిల్లవాడు ఎటు పారిపోతడు? తలుపు దగ్గర టీచరు, చుట్టూ నవ్వే పిల్లలు. అప్పుడు చెయ్యి లేస్తది. పెద్దోళ్లమైతే "నాకు టెన్షన్‌గా ఉన్నది" అని నోటితో అంటం. పిల్లలకు ఆ మాట రాదు. కడుపునొప్పి అంటరు, లేకుంటే కొడ్తరు. భయపడే పిల్లలందరూ కొట్టరు, చాలామంది నోరు మూసుకొని మూలకు కూర్చుంటరు. కొట్టే పిల్లలందరిదీ భయమే అని కూడా కాదు. కొందరికి చెవి సరిగ్గా వినబడదు, కొందరు ఇంట్లో చూసింది నేర్చుకుంటరు, కొందరిని వేరే పిల్లలు ఏడిపిస్తరు. ఏది ఏమిటో చూసి చెప్పాల్సింది డాక్టర్లే.

పడుగు బిగువెక్కువై పోగు తెగితే మనం పోగును తిట్టం కదా, బిగువు చూస్తం. పిల్లవాని దగ్గరికి వచ్చేసరికి ఆ తెలివి ఎటు పోయిందో!

మేడం రాసిపెట్టమన్నది. రాయడం నా పనే గదా. పద్దు పుస్తకం లాగ గీతలు కొట్టిన. తేదీ, గంట, ఎవరితో, అంతకు ముందు ఏమైంది. క్లాసు టీచరమ్మను బతిమాలితే, పాపం, ఆమె కూడా చెప్పింది. మూడు వారాల్లో ఆరు కొట్లాటలు. అందులో అయిదు ఇంగ్లీషు పాఠం పైకి చదివించే పీరియడుకు కొంచెం ముందు. కొట్టినోణ్ణి బయట నిలబెడ్తరు, చదివే పని తప్పుతది. వాడు కావాలని చేసిన ఉపాయం కాదు, ఒళ్లే దారి వెతుక్కున్నది.

ఇంకొకటి కూడా బయటపడ్డది. రాత్రి వాడు నిద్రపోయిండనుకొని మేము మాట్లాడుకునేవాళ్లం: "వీడు ఫెయిలైతే ఫీజు అప్పంతా దండుగ." వాడు నిద్రపోలేదు. ఒక్కగదిలో ఉంటం కదా మనం.

ఆ పుస్తకం చూస్తుంటే నాకు నా సంగతి యాదికొచ్చింది. నాలుగో తరగతి దాకా తెలుగు బడి, తర్వాత మరాఠీ బడి. మరాఠీలో కాగితం మగది, వహీ ఆడది, పుస్తకం రెండూ కాదు. నేను లేచి ఒక్క వాక్యం చెప్తే మూడు తప్పులు, క్లాసంతా నవ్వు. ఎనిమిదో తరగతిలో ఒకరోజు నా వంతు రాకముందే ముందు బెంచి పిల్లవాని మూతి మీద గుద్దిన. పన్ను ఊడింది. తెల్లారి మా నాయన నన్ను మగ్గం మీద కూర్చోబెట్టిండు. "వీనికి చదువు ఎక్కలేదు, తిక్కలోడు" అన్నరు అందరు. యాభై ఏండ్లు నేనూ అట్లనే అనుకున్న.

తర్వాత చేసింది పెద్ద పనేం కాదు. టీచరమ్మ ముందురోజే చెప్తది, రేపు నీవి ఈ రెండు లైన్లు అని. కోడలుకు ఇంగ్లీషు రాకపోయినా బీడీలు చుట్టుకుంటూ వాడు చదివేది వింటది. అప్పు మాటలు వాడి ముందు బంద్. ఊపిరి మెల్లగా వదలడం మేడం నేర్పింది, వానితోటి నేనూ చేస్తున్న. కొడితే మాత్రం ఊరుకోం. పోయి మాఫీ అడగాలె, విరిగిన వస్తువు తన డబ్బాలో పైసలతో కొనియ్యాలె. కట్టె మాత్రం పొయ్యిలో పెట్టిన. బళ్లో కొట్టకూడదని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉన్నది. ఇంట్లో నా చెయ్యి పట్టుకున్నది మాత్రం మా ఇంటామె.

అంతా సర్దుకున్నదని చెప్పను. పోయిన నెలలో ఒకసారి మళ్లీ కొట్టిండు. కాని ఆ సాయంత్రం వాడే వచ్చి "తాతా, పుస్తకంలో రాయి. ఇయ్యాల ముందు చెప్పకుండ లేపిండ్రు" అన్నడు.

మీ ఇండ్లలో ఇట్లాంటి పిల్లలుంటే జిల్లా సర్కారీ దవాఖానలో అడగండి. టెలి మానస్ అని సర్కారు ఫోను నంబరు ఉన్నది, 14416. పైసలు పడవు, రాత్రి పగలు ఎత్తుతరు, తెలుగులో మాట్లాడొచ్చు. పిల్లలనే ఎవరైనా బాధపెడ్తుంటే 1098.

ఆ పద్దు పుస్తకం సంచిలో తెచ్చిన. భోజనాల దగ్గర ఉంటాను. గీతలు ఎట్ల కొట్టాలో చూడాలనుకునేవాళ్లు వచ్చి చూడండి. మనవడు పేరు మాత్రం చూపొద్దన్నడు, అట్ట మీద కాగితం అంటించిన.