చేతితో వ్రాసుకున్న వాక్యం

విశ్రాంత జీవితంలో కాలక్షేపం గూర్చి నాలుగు మాటలు చెప్పమన్నారు. నాకు తెలిసిన పని ఒకటే, వ్రాయడం. సర్వీసులో ముప్పయి రెండేళ్లు ఫెయిర్ కాపీలు వ్రాశాను. ఇప్పుడు బైబిలు వ్రాస్తున్నాను.

రామకోటి వ్రాసే మిత్రులు ఈ సభలోనే ఉన్నారు, వారికి ఇది వింత కాదు. మా గ్రంథంలోనూ ఇందుకు ఆధారం ఉంది. ఇశ్రాయేలుకు రాజైనవాడు ధర్మశాస్త్రానికి ఒక ప్రతి తనకోసం వ్రాసుకుని, బ్రతికినన్నాళ్లూ చదువుకోవాలని ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయం చెబుతుంది. రాజుకే తప్పనప్పుడు గుమాస్తాకు నామోషీ ఏమిటి? యిర్మీయా ప్రవక్త చెబుతుంటే సిరాతో వ్రాసిన బారూకు మన కేడరువాడే. ఆ గ్రంథపు చుట్టను యెహోయాకీము రాజు ముక్కలుగా కోసి కుంపటిలో కాల్చేస్తే, బారూకు ఇంకో చుట్ట తీసుకుని మొదటినుంచీ వ్రాశాడు. పోయిన ఫైలును తిరిగి కట్టినవారికి ఆ శ్రమ తెలుస్తుంది.

నేను మొదలుపెట్టింది మా ఇంటావిడ కోసం. షుగరు వల్ల ఆమెకు చూపు తగ్గి, అచ్చు అక్షరాలు ఆనేవి కావు. స్కెచ్ పెన్నుతో, పేజీకి ఆరేడు పంక్తులు మించకుండా కీర్తనలు వ్రాసి ఇచ్చేవాణ్ణి. 119వ కీర్తనలో 176 వచనాలు. ఎనిమిదేసి చొప్పున 22 భాగాలు, ఒక్కోదానికి ఒక హెబ్రీ అక్షరం పేరు. రోజుకో భాగం అనుకున్నాం. పదిహేనోది వ్రాసిన రాత్రి ఆమెను ఆసుపత్రిలో చేర్చాం. తిరిగి రాలేదు. మిగిలిన ఏడు భాగాలు రెండు నెలలు ముట్టలేదు. తరువాత వ్రాశాను, అవే పెద్ద అక్షరాలతో. చిన్నగా వ్రాయడానికి చెయ్యి రాలేదు.

పద్ధతి అడిగేవారికి చెబుతాను. ఒక లాంగ్‌బుక్కు, నల్ల సిరా, రోజుకు అరగంట చాలు. మాట మాటకూ చూసి వ్రాస్తే అది నకలే. వచనం మొత్తం పైకి చదివి, ఆ తరువాత వ్రాస్తే మనసుకు పడుతుంది. 136వ కీర్తన లాంటి చోట జాగ్రత్త. 26 వచనాలూ ఒకే మాటతో ముగుస్తాయి, కన్ను కిందికి జారిపోతుంది. అందుకే ఆఫీసు అలవాటు ప్రకారం కంపేర్ చేయాలి. మా మనవరాలు చదువుతుంది, నేను వేలు పెట్టి చూసుకుంటాను. ఇంగ్లీషు మీడియం పిల్ల. దానికి తెలుగు చదవడం వచ్చింది ఈ పుస్తకాల మీదనే.

యెషయా గ్రంథం 66 అధ్యాయాల్లో 41వ దానిలో ఉన్నాను. చెయ్యి కొంచెం వణుకుతోంది, అక్షరాలు మళ్లీ పెద్దవవుతున్నాయి. రేపు ఇంకో రెండు పుస్తకాలు కొనాలి. సెలవు.