తొడ సందుల దురద: సిగ్గుపడి దాచుకోవద్దు



ఈరోజు చెప్పబోయే విషయం వినగానే కొందరు నవ్వుతారు, కొందరు తల దించుకుంటారు. గజ్జల్లో, తొడ సందుల్లో, అంగం దగ్గర వచ్చే దురద, మంట గురించి. ఎండాకాలంలో ఏ క్యాంపుకు వెళ్ళినా, మీటింగు అయ్యాక ఎవరో ఒకరు పక్కకు పిలిచి "సార్, ఒక్క మాట" అని అడిగేది ఇదే. అందుకే ఈసారి అందరి ముందే చెబుతున్నాను. నేను డాక్టరును కాను. డాక్టర్లు చెప్పే మాటనే మనకు అర్థమయ్యేలా చెబుతాను.

ముందు భయం పోవాలి. "ఇది సుఖరోగమేమో, తెలిస్తే వీసా క్యాన్సిల్ చేసి ఇంటికి పంపిస్తారేమో" అని చాలామంది నెలల తరబడి దాచుకుంటున్నారు. తొడ సందుల్లో వచ్చే దురద ఎక్కువగా తామరే. అది బూజు జాతి క్రిమి వల్ల వస్తుంది. వంకాయ తిన్నందుకో, ఒంట్లో వేడి చేసినందుకో రాదు. ఈ యు.ఏ.ఇ. దేశంలో వీసా వైద్య పరీక్షలో చూసేది హెచ్.ఐ.వి., టి.బి. వంటి జబ్బులను. తామర ఉందని ఎవరి వీసా ఆపరు.

ఇక్కడ ఇది ఎందుకు ఎక్కువ? జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. కానీ మిగిలిన గంటల్లో కూడా మందపాటి యూనిఫారం లోపల చెమట కారుతూనే ఉంటుంది. నిన్న ఉతికిన డ్రాయరు పూర్తిగా ఆరకముందే మళ్ళీ వేసుకుంటాం. తువ్వాలు ఒకరిది ఒకరం వాడుకుంటాం. బూజు క్రిమికి తడి, వేడి, ఒరిపిడి ఉంటే చాలు.

తామర అయితే తొడ లోపలి వైపు ఎర్రటి మచ్చ వచ్చి, అంచు ఉబ్బెత్తుగా, పొట్టు రాలుతూ పక్కలకు పాకుతుంది. నడుమ కొంచెం మానినట్టు కనిపిస్తుంది. దీనికి క్లోట్రిమజోల్ వంటి క్రీము ఉంది. స్నానం చేసి, బాగా తుడుచుకుని, మచ్చ మీదే కాకుండా దాని చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు వరకు రోజుకు రెండుసార్లు రాయాలి. మనవాళ్ళు తప్పు చేసేది ఇక్కడే. నాలుగు రోజులకు దురద తగ్గగానే ట్యూబు పక్కన పడేస్తారు. దురద తగ్గినంత మాత్రాన క్రిమి చావదు. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మచ్చ పోయాక కూడా మరో వారం, పది రోజులు రాయండి.

ఇంకో పెద్ద ప్రమాదం, ఊరి నుంచి తెప్పించుకునే ట్యూబులు. "అన్నా, ఇది రాయి, రెండు రోజుల్లో మాయం" అని పక్క బెడ్డు తమ్ముడు ఇస్తాడు. నిజంగానే రెండు రోజుల్లో దురద ఆగుతుంది, ఎందుకంటే అందులో స్టిరాయిడు ఉంటుంది. అది దురదను, ఎర్రదనాన్ని అణచిపెడుతుంది, క్రిమిని మాత్రం పెంచుతుంది. ఆపగానే రెట్టింపై పిర్రలకు, పొట్టకు ఎక్కుతుంది. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి చారలు పడతాయి, ఆ చారలు ఇక పోవు. ట్యూబు మీద క్లోబెటాసోల్ లేదా బీటామెథాసోన్ అని ఉంటే డాక్టరు చెప్పనిదే రాయకండి. భారతదేశంలో కూడా 2018లో ఇలాంటి స్టిరాయిడు క్రీములను చీటీ లేకుండా అమ్మకుండా ప్రభుత్వం కట్టడి చేసింది. మన దేశంలో ఒక మొండి తామర కూడా బాగా వ్యాపించింది. 2020లో దాని క్రిమికి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ మందుకు అది చాలాసార్లు లొంగదు. క్రీముతో తగ్గకపోతే మాత్రలు అవసరం కావచ్చు, వాటిని డాక్టరే రాయాలి.

దురదంతా తామర కాదు. రాత్రిపూట ఎక్కువగా దురద పెట్టి, వేళ్ళ సందుల్లో, మణికట్టు మీద, అంగం మీద చిన్న చిన్న పొక్కులు వస్తే అది గజ్జి కావచ్చు. గజ్జి అయితే మీరొక్కరే మందు రాసుకుంటే లాభం లేదు. గదిలో ఉన్నవాళ్ళందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, దుప్పట్లు, బట్టలు వేడినీళ్ళలో ఉతకాలి. అంగం కొన మీద ఎర్రదనం, ముందు చర్మం కింద తెల్లటి పూత పదేపదే వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోండి. తనకు షుగరు ఉన్నట్టు దీనివల్లే తెలుసుకున్నవాళ్ళు ఉన్నారు. కొందరికి డెట్టాలు, ఘాటైన సబ్బు, బట్టల్లో మిగిలిపోయిన సర్ఫు వల్లే మంట వస్తుంది. కిరోసిను, నిమ్మరసం, బ్లీచింగు లాంటివి ఆ చోట అసలే పోయకండి, చర్మం కాలిపోతుంది.

పాదాల వేళ్ళ మధ్య కూడా పాచి ఉంటే దానికీ అదే క్రీము రాయండి. డ్రాయరు కంటే ముందు సాక్సు వేసుకోండి, కాలి క్రిమి పైకి అంటదు. వదులైన నూలు డ్రాయరే మంచిది. ఉతికాక తిరగేసి ఎండలో ఆరేయండి.

పుండు పడినా, నొప్పి లేకపోయినా సరే, వెంటనే చూపించుకోండి. చీము కారినా, మూత్రంలో మంట ఉన్నా, గజ్జల్లో బిళ్ళలు కట్టినా అంతే. జ్వరంతో పాటు ఆ చోట వాపు, విపరీతమైన నొప్పి గంటగంటకూ పెరుగుతుంటే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రి ఎమర్జెన్సీకి పోవాలి.

డాక్టరు దగ్గర నోరు రాకపోతే హిందీలో ఇంత చాలు: "జాంఘ్ మే ఖుజ్లీ హై." ఇంతకుముందు రాసిన ట్యూబును జేబులో పెట్టుకుని వెళ్ళి చూపించండి, డాక్టరుకు సగం పని తేలికవుతుంది. 2025 జనవరి 1 నుంచి ఈ దేశంలోని అన్ని ఎమిరేట్లలోనూ ప్రైవేటు కంపెనీ కార్మికునికి ఆరోగ్య బీమా చేయించడం యజమాని బాధ్యత. దాని ప్రీమియం మీ జీతంలో కోయకూడదు. క్లినిక్కులో మీ వాటాగా కొంత కట్టవలసి రావచ్చు. కార్డు ఇవ్వకపోయినా, క్లినిక్కుకు పోనివ్వకపోయినా ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి 800 46342 నెంబరుకు ఫోను చేయండి, ఖర్చు ఉండదు. జబ్బు పేరు ఫోనులో చెప్పనక్కరలేదు, "బీమా కార్డు సమస్య" అంటే సరిపోతుంది.