అప్పిచ్చుట – అప్పు తెచ్చుట



మొన్న నా పూర్వశిష్యుడొకడు ఒక ఇంగ్లీషు ఉత్తరమును దిద్దుమని నాయొద్దకు తెచ్చెను. మా యూరి రైతొకరు, అమెరికాలో పుట్టి పెరిగి తెలుగు చదువనేరని తన మేనల్లునికి పంపదలచిన యుత్తరమది. కూతురి పెండ్లికై అతనివద్ద రెండు లక్షల రూపాయలు అప్పు తెచ్చితినని వ్రాతమూలమున ఒప్పుకొనుట ఆ పెద్దమనిషి తాత్పర్యము. చదివి చూతును గదా, అప్పు తెచ్చినవాడు అప్పిచ్చినవాడై కూర్చుండెను! 'బారో' అనవలసిన తావున 'లెండు' అని పడినది. ఆ యుత్తరమట్లే పోయియున్నచో, సొమ్మిచ్చిన మేనల్లుడే బాకీదారుడగును.

శిష్యుని తప్పు పట్టుటకు నాకు మనసొప్పలేదు. మన భాషలో 'అప్పు' అను మాట యొక్కటే. 'ఇచ్చు' చేర్చిన ఒక దిక్కునకును, 'తెచ్చు' చేర్చిన మరియొక దిక్కునకును పోవును. ఇంగ్లీషువారు ఆ దిక్కును క్రియయందే ఇమిడించిరి. సొమ్ము నా చేతినుండి పరుని చేరిన 'లెండు'; పరుని చేతినుండి నన్ను చేరిన 'బారో'. వ్యాకరణము చదివినవారికి ఒక్క మాటలో చెప్పవచ్చును: 'లెండు' సంప్రదానమును కోరును, 'బారో' అపాదానమును కోరును. కావుననే మొదటిదానికి 'టు', రెండవదానికి 'ఫ్రమ్' తోడగును.

ఇంతమాత్రమున మన భాష కొరతపడినదని తలపవలదు. పెండ్లికి నగ ఎరవు తెచ్చినవాడు ఆ నగనే తిరిగి ఇయ్యవలెను. పొరుగింట కుంచెడు బియ్యము బదులు తెచ్చినవాడు ఆ గింజలనే ఇయ్యనక్కరలేదు, కొలత సరిపోయిన చాలును. మన ఇల్లాండ్రు నిత్యమును పాటించు ఈ భేదమును ఆ రెండు ఇంగ్లీషు క్రియలు పాటింపవు. నగకును బియ్యమునకును రూపాయలకును అవియే. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు ఎరవు తెచ్చిన వస్తువు యాచితకము, అద్దెకు తెచ్చినది అవక్రీతకము.

అద్దె మాట వచ్చినది కనుక మరియొక చిక్కు చెప్పవలెను. ఇంటివాడు ఇంటిని అద్దెకిచ్చుట 'లెట్టు'. అద్దెకు తీసికొనుట 'రెంటు'. కాని ఇచ్చుటయు 'రెంటే'! 'లీజు' అను క్రియయు అట్టిదే, ఇరువైపులకు నడచును. అందుచేత దస్తావేజునందు క్రియను నమ్ముకొనక కర్తలను చూడుడు. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ఇచ్చువానిని 'లెస్సారు' అనియు, పుచ్చుకొనువానిని 'లెస్సీ' అనియు వేరుపరచినది. ఆ రెండు పేర్లలో తన పేరు దేనికి చేరినదో అడిగి తెలిసికొన్న పిమ్మటనే చేవ్రాలు చేయవలెను.

'లెట్టు'నకు ఇంకొక వింత కలదు. 'పోనిమ్ము' అను అర్థము గల మాటయు, 'అడ్డగించు' అను అర్థము గల మాటయు పూర్వము ఇంగ్లీషున వేర్వేరుగా నుండి, కాలక్రమమున ఒకే రూపము దాల్చినవి. రెండవ యర్థము నేడు దాదాపు నశించినది. అయినను విదేశమునకు పోవు మన పిల్లల పాస్‌పోర్టును తెరచి చూడుడు. రాష్ట్రపతి పేరిట నున్న విన్నపమునందు, వీరిని 'లెట్టు' లేక పోనిండని యున్నది. అక్కడ 'లెట్టు' అనగా అడ్డంకి.

ఇక మా రైతు ఉత్తరము. 'లెండు' కొట్టివేసి 'బారో' వ్రాసితిని. 'టు' ఉన్నచోట 'ఫ్రమ్' పెట్టితిని. ఆయన దానిని తెలుగున రెండుమారులు చెప్పించుకొని, "ఇప్పుడు బాకీ నాదే గదా పంతులుగారూ" అని అడిగి, చేవ్రాలు చేసెను.