ఇంటిపనికి కూడా సంఘమా?



బట్టల మిల్లుకు గేటు ఉంటుంది. పొద్దున సైరన్ మోగితే వందలమంది ఆ గేటు దగ్గరే కలుస్తారు. జీతం తగ్గించారంటే అక్కడే మాట్లాడుకుంటారు. అక్కడే కూర్చుంటారు. సంఘం పెడతారు.

మరి ఇళ్ళల్లో అంట్లు తోమే ఆమె సంగతేమిటి? ఆమెకు గేటు లేదు, సైరన్ లేదు. ఈ ఇంట్లో ఒక్కతే. పక్కింట్లో ఇంకొకతే. మధ్యన గోడ. వీళ్ళు సంఘం పెట్టగలరా?

దక్షిణ ఆఫ్రికాలో పెట్టారు. ఈరోజు ఆ కథ చెప్పుకుందాం.

దక్షిణ ఆఫ్రికా అంటే ఆఫ్రికా ఖండానికి అడుగున, సముద్రం ఒడ్డున ఉన్న దేశం. గాంధీగారు లాయరుగా పనిచేసిన దేశం. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడ ఎక్కి, మన తెలుగువాళ్ళు కూడా అక్కడి చెరకు తోటల్లో కూలికి వెళ్ళారు. బంగారు గనులున్న దేశమే. అయినా పేదలకు పని దొరకడం కష్టం. 2023లో పనిచేసేవాళ్ళూ, పని కోసం తిరిగేవాళ్ళూ కలిపి 100 మంది ఉన్నారనుకోండి. వాళ్ళలో 30 మందికి పైగా పని లేదు.

సంతలో టమాటాలు గుట్టలు గుట్టలుగా వస్తే ధర ఏమవుతుంది? పడిపోతుంది. కూలికి వచ్చేవాళ్ళు ఎక్కువైనా అంతే. "నీకు ఇష్టం లేకపోతే వెళ్ళు, ఇంకొకరు వస్తారు" అంటారు. అందుకే ఒంటరి మనిషి నోరు విప్పలేదు.

ఆ దేశంలో ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు 8 లక్షలకు పైగా ఉన్నారు. వాళ్ళలో చాలామంది నల్లజాతి ఆడవాళ్ళు. 1994 దాకా అక్కడ తెల్లవాళ్ళ రాజ్యం. నల్లవాళ్ళకు ఓటు లేదు. 1986 దాకా వాళ్ళు పట్నంలో ఉండాలంటే పాసు చూపించాలి. పనామెకు పెరట్లో చిన్న గది ఇచ్చేవాళ్ళు. ఆమె పిల్లలు ఎక్కడో ఊళ్ళో అమ్మమ్మ దగ్గర పెరిగేవాళ్ళు. ఆమె మాత్రం దొరగారి పిల్లల్ని ఎత్తుకుని పెంచేది. ఇంతకంటే కష్టం ఏముంటుంది?

కేప్‌టౌన్ అనే పట్నంలో మర్టిల్ విట్‌బోయ్ అనే అమ్మాయి ఇంటిపని చేసేది. 1960ల్లో ఆమె ఒక పత్రికకు ఉత్తరం రాసింది. మిగతా పనివాళ్ళు ఒకరకం, మేము ఒకరకమా? మమ్మల్ని ఎందుకిట్లా చూస్తున్నారు? అని ఆ ఉత్తరంలో అడిగింది. పత్రిక విలేకరి ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. మీలాంటి వాళ్ళందరినీ పిలిచి ఒక మీటింగు పెట్టమన్నాడు. వందలమంది వచ్చారు! ఎవరికి వాళ్ళు తమ ఒక్కరికే ఆ కష్టం ఉందనుకున్నవాళ్ళు.

వాళ్ళకు కలవడానికి వీలు ఎట్లా దొరికింది? ఆ దేశంలో చాలా ఇళ్ళల్లో గురువారం మధ్యాహ్నం పనామెకు సెలవు ఉండేది. చర్చిలో ఆడవాళ్ళ ప్రార్థన కూడా అందుకే గురువారం పెట్టుకునేవాళ్ళు. మిల్లువాళ్ళకు గేటు ఎట్లాగో, వీళ్ళకు గురువారం అట్లాగ.

1986లో దేశమంతటికీ ఒక సంఘం ఏర్పడింది. 1996లో మూతపడింది. 2000లో మళ్ళీ కొత్తగా మొదలుపెట్టారు. మిల్లులో అయితే సంఘం చందా జీతంలోంచే పట్టుకుంటారు. ఇక్కడ ఇల్లిల్లూ తిరిగి వసూలు చేయాలి. ఇంటివాళ్ళకు తెలిస్తే పని పోతుందని చాలామందికి భయం. అందుకే ఇప్పటికీ సంఘంలో చేరినవాళ్ళు కొద్దిమందే.

కొద్దిమందైనా సాధించింది తక్కువేమీ కాదు. 2002లో ఇంటిపనికి కనీస జీతం ఇంతని ప్రభుత్వం మొదటిసారి నిర్ణయించింది. 2003లో పని పోయినవాళ్ళ నిధిలో వీళ్ళను చేర్చింది. ఈ నిధికి జీతంలో 100కు 1 వంతు పనామె కడుతుంది. ఇంకో వంతు ఇంటివాళ్ళు కట్టాలి. పని పోయినా, కాన్పుకు సెలవు పెట్టినా కొన్నాళ్ళు డబ్బు వస్తుంది.

వాళ్ళ రూపాయిని రాండ్ అంటారు. 2019లో దేశమంతటా చాలా పనులకు గంటకు 20 రాండ్లు కనీస కూలి పెట్టారు. ఇంటిపనికి మాత్రం 15 అన్నారు. గంట ఎవరికైనా గంటే కదా! మరి ఈ 5 రాండ్లు ఎందుకు కోశారు? ఈ తేడా 2022లో పోయింది.

ఇంకొక సంగతి వినండి. ప్రిటోరియా అనే నగరంలో ఒకామె ఒకే ఇంట్లో 22 ఏళ్ళు పనిచేసింది. ఆమెకు చూపు సరిగా ఆనదు. ఈత రాదు. 2012లో కిటికీలు తుడుస్తూ ఆ ఇంటి ఈతకొలనులో పడి చనిపోయింది. కూతురు నష్టపరిహారం అడిగింది. చట్టంలో ఏముంది? పనిలో దెబ్బ తగిలినా, ప్రాణం పోయినా కార్మికులకు పరిహారం ఇవ్వాలని ఉంది. కానీ ఇంటిపని వాళ్ళు ఆ లెక్కలోకి రారని కూడా ఉంది. గనిలో పడితే కార్మికుడు, కొలనులో పడితే కాదు!

కూతురు ఊరుకోలేదు. సంఘం ఆమె పక్కన నిలబడింది. ఇద్దరూ కలిసి కేసు వేశారు. ఏళ్ళు గడిచాయి. 2020 నవంబరు 19న ఆ దేశంలో అన్నిటికంటే పెద్ద కోర్టు తీర్పు చెప్పింది. ఇంటిపని వాళ్ళను వదిలేయడం రాజ్యాంగానికే విరుద్ధమంది. 1994 నుంచి దెబ్బలు తగిలినవాళ్ళకు కూడా ఈ తీర్పు వర్తిస్తుందని చెప్పింది.

ఉత్తరం రాసిన మర్టిల్ 2013లో ప్రపంచ దేశాల ఇంటిపని వాళ్ళ సమాఖ్యకు మొదటి అధ్యక్షురాలైంది. 2023లో కన్నుమూసింది.

చట్టం వచ్చింది కదా, ఇక అంతా బాగైందా? లేదు. మిల్లుకు ఇన్‌స్పెక్టరు నేరుగా వెళ్ళి చూడొచ్చు. ఇంటికి అట్లా వెళ్ళలేడు. ఇంటివాళ్ళు ఒప్పుకోవాలి, లేదంటే కోర్టు ఉత్తర్వు తేవాలి. కాబట్టి లోపల ఏం జరుగుతోందో చూడవలసింది పనామే. అక్కడి రూలు ప్రకారం జీతంతో పాటు ఆమెకు రాసిన చీటీ ఇవ్వాలి. ఎన్ని గంటలు పనిచేసింది, గంటకు ఎంత, ఎందుకు ఎంత కోశారు, అన్నీ అందులో ఉండాలి. గది ఇచ్చామని అద్దె కోసినా జీతంలో 100కు 10 రాండ్లు దాటకూడదు. 2,000 రాండ్ల జీతమైతే 200. చీటీలో 300 అని ఉంటే, ఆ 100 ఎందుకు కోశారని అడగాలి.